పసుపు డబ్బా, తెల్ల డబ్బా

మార్చి 4

ఒరేయ్ బావమరిదీ,

నీ నోట్లో మిగిలిన ఆ నాలుగు పళ్ళూ కూడా డాక్టరు పీకేశాడని మీ అక్క చెప్పింది. సంతోషం. ఇన్నాళ్ళూ ఉండీ లేనట్టుండే వాటితో పడ్డ బాధ తీరింది. పళ్ళున్నప్పుడు శనగల్లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అన్నారు గానీ, నీకు మాత్రం పళ్ళున్నప్పుడూ శనగలున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పెన్షన్ వస్తోంది కదా.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనకు. నాకు కుడి చెవి పోయింది, నీకు ఎడమ చెవి పోయింది. మనం ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ తప్ప వీధి మొత్తానికి అర్థమవుతుంది. పైగా నాకు కావలసింది రాతపూర్వకంగా కావాలి.

విషయం ఇది. మా అమ్మాయి, అంటే నీ మేనకోడలు, నన్ను పనిబల్ల దగ్గర్నుంచి లేవమంటోంది. నలభై ఏళ్ళుగా ఊళ్ళో సగం మందికి కట్టుడు పళ్ళు చేసిన బల్ల అది. ఆ పని దానికి నేర్పిందీ నేనే. ఇప్పుడు అదే వచ్చి "నాన్నా, నీ చెయ్యి బానే ఉంది, మతే ఉండట్లేదు" అంటోంది. పోయినేడు ఏదో ఒక డబ్బా తారుమారైందని ఇంకా సాగదీస్తోంది. దాని వయసులో నేను ఎన్ని తారుమారు చేశానో దానికేం తెలుసు?

వాదించి వాదించి ఒక ఒప్పందానికొచ్చాం. నీ పళ్ళ సెట్టు మొదటినుంచి చివరిదాకా నేనొక్కణ్ణే చేస్తాను. అచ్చు పొయ్యడం నుంచి డబ్బాలో పెట్టి పార్శిల్ కట్టడం దాకా. ఒక్క పొరపాటు కూడా లేకపోతే బల్ల నాదే. ఉంటే పక్కకి జరిగి దాని పనిని చూస్తూ కూర్చోవాలి. తీర్పు చెప్పేది నీ నోరు. కాబట్టి మీ ఊళ్ళో పళ్ళ డాక్టరు చేత చిగుళ్ళ అచ్చులు తీయించి పంపు.

ఒకటే భయం. నువ్వు ముప్పై ఏళ్ళు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేశావు. కుళాయిలో చుక్క రాకపోయినా "సరఫరా సంతృప్తికరంగా ఉన్నది" అని రాసిన చెయ్యి నీది. నాకు ఆ చెయ్యి వద్దు. నిజం రాయి.

మీ అక్క పక్కనుంచి "వాడికా చెప్తున్నావు నిజం రాయమని?" అంటోంది. ఆవిడ ఆశీస్సులు కూడా ఇందులోనే అనుకో.

నీ బావ


మార్చి 13

బావగారికి నమస్కారాలు.

తమరి ఉత్తరం అందింది. విషయం క్షుణ్ణంగా పరిశీలించాను. అచ్చులు ఈ పార్శిల్లోనే పంపుతున్నాను. ఇక్కడి పళ్ళ డాక్టరు కుర్రాడు. నా నోట్లో ముద్ద పెట్టి, కదలకుండా నోరు తెరిచి ఉంచమని చెప్పి, తను ఫోన్లో ఎవరితోనో పెళ్ళిచూపుల సంగతి మాట్లాడుకుంటూ కూర్చున్నాడు. సంబంధం కుదిరినట్టుంది. అంతసేపూ నా నోరు తెరిచే ఉంది.

పళ్ళు లేని జీవితం ఒక విధంగా బావుంది బావగారూ. నేనేం మాట్లాడినా ఎవరికీ అర్థం కాదు కాబట్టి అందరూ నాతో ఏకీభవిస్తున్నారు. మీ చెల్లెమ్మ, అదే మా ఆవిడ, పెళ్ళైన ఇన్నేళ్ళకి మొదటిసారి నేను చెప్పినదానికి "సరే" అంది. ఏం చెప్పానో నాకూ గుర్తు లేదు.

కానీ పళ్ళు త్వరగా కావాలి. వచ్చే నెల మా రిటైరైనవాళ్ళ సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక. నేను నిలబడుతున్నాను. ఎదటివాణ్ణి మేమంతా మైకాసురుడు అంటాం. మైకు చేతికిస్తే మళ్ళీ కరెంటు పోతే తప్ప ఇవ్వడు. వాడి మీద గెలవాలంటే నాకు కనీసం ముందు పళ్ళన్నా ఉండాలి.

చిన్న విన్నపం. పళ్ళు తెల్లగా, తిన్నగా, టీవీలో వార్తలు చదివే కుర్రాడి పళ్ళలా ఉంటే బావుంటుంది.

నిజం రాయమన్నారు. తప్పకుండా రాస్తాను. నేను ఆఫీసులో రాసినవి కూడా అబద్ధాలు కావు. "మీ సమస్య పరిశీలనలో ఉన్నది" అని రాసేవాణ్ణి. ఇప్పటికీ పరిశీలనలోనే ఉండి ఉంటాయి.

మా మేనకోడలికి ఆశీస్సులు. అక్కయ్యకి నమస్కారాలు.

మీ బావమరిది


ఏప్రిల్ 7

ఒరేయ్ వార్తలు చదివే కుర్రాడా,

డెబ్భై ఏళ్ళ మొహానికి పాతికేళ్ళ పళ్ళు పెడితే ఎలా ఉంటుందో తెలుసా? పాత ఇంటికి కొత్త గేటు పెట్టినట్టుంటుంది. లోపలికొచ్చేవాడికి ఇల్లు ఇంకా పాతగా కనిపిస్తుంది. అయినా నువ్వడిగావు కాబట్టి తిన్నగానే పేర్చాను. తెలుపు మాత్రం నాలుగు మెట్లు తగ్గించాను.

నీకు గుర్తుందో లేదో, నా పెళ్ళిలో నిన్ను మొదటిసారి చూసినప్పుడు నీ ముందు పన్ను ఒకటి పక్కదాని మీదకి ఎక్కి ఉండేది. ఎవరో ఆ పన్ను పట్టుకుని ఏడిపిస్తే ఇంకా ఎక్కువ నవ్వేవాడివి. తర్వాతేడు సైకిలు మీంచి పడి దాన్ని ఊడగొట్టుకున్నావు. దాని బదులు తిన్నని పన్ను పెట్టమని నువ్వే అడిగావు, నేనే పెట్టాను. అప్పట్నుంచీ నువ్వు నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టావు. తిన్నని పన్ను పెట్టుకుని దాచుకోవడమెందుకో నాకు అర్థం కాలేదు. మనుషులు ఉన్న వంకర పోగొట్టుకుని లేని పెద్దరికం తెచ్చుకుంటారు. నువ్వొక్కడివేం కాదులే.

సెట్టు ఈ పార్శిల్లో ఉంది. మా అమ్మాయి కొత్తగా ఒక పద్ధతి పెట్టింది. చంటిపిల్లలకి చెప్పినట్టు నాకు రోజూ చెప్తుంది. నీకూ చెప్పమంది: పసుపు డబ్బాలో వస్తే పెట్టి చూసుకోడానికి మాత్రమే, తెల్ల డబ్బాలో వస్తే పూర్తయిన సెట్టు, తినొచ్చు. నలభై ఏళ్ళు డబ్బా రంగు చూడకుండా పనిచేశాను. ఇప్పుడు రంగుల బడిలో చేరాను. సరే, నీ డబ్బా రంగు చూసుకో, దాన్నిబట్టి నడుచుకో.

మీ అక్కకి మోకాళ్ళ నొప్పులు. డాక్టరు "వయసు" అన్నాడుట. ఆవిడ "ఆ ముక్క చెప్పడానికి ఫీజెందుకు, మా ఆయన ఊరికే చెప్తాడు" అని వచ్చేసింది.

పెట్టుకుని వెంటనే రాయి. నా బల్ల నీ చిగుళ్ళ మీద ఉంది.

నీ బావ


ఏప్రిల్ 20

బావగారికి సాష్టాంగ నమస్కారాలు.

అద్భుతం! ఇంతకుమించి రాయడానికి నాకు మాటలు రావడం లేదు. అయినా రాస్తాను.

పెట్టుకోగానే పుట్టినప్పట్నుంచీ నా నోట్లోనే ఉన్నట్టు అమరిపోయాయి. ఎక్కడా గుచ్చుకోవు, నొక్కవు, కదలవు. మొదటిరోజు రొట్టె, రెండోరోజు వేయించిన పల్లీలు, మూడోరోజు మొక్కజొన్న పొత్తు. పొత్తుని నేను కొరుకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఎవరో కుర్రాడనుకున్నా" అంది. పొగలు కక్కే టీ తాగినా చెక్కుచెదరలేదు.

ఇంకో శుభవార్త. సంఘం ఎన్నికలో నేను గెలిచాను. భారీ మెజారిటీ. మైకాసురుడు ఇంకా ఆ షాక్‌లోంచి తేరుకోలేదు. ఈ విజయం పూర్తిగా మీ పళ్ళదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, నా విషయంలో నోరు చేసిన మనిషి మంచివాడు.

మా మేనకోడలికి చెప్పండి: మీ నాన్నగారి చేతిలో, మతిలో ఏ లోపమూ లేదని సంఘం అధ్యక్షుడు స్వయంగా ధ్రువీకరిస్తున్నాడని. కావాలంటే సంఘం ముద్ర కూడా వేసి పంపుతాను.

మీ విధేయుడు,
బావమరిది (అధ్యక్షుడు)


ఏప్రిల్ 27

అధ్యక్షా,

నీ ఉత్తరం రాగానే సగం చదివి ఎగిరి గంతేశాను. ఈ వయసులో గంతెయ్యడమంటే కుర్చీలోంచి ఎవరి సాయం లేకుండా లేవడం. మీ అక్కని, మా అమ్మాయిని, వర్క్‌షాపులో పనిచేసే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి, నీ ఉత్తరం పైకి చదవమని అమ్మాయి చేతికిచ్చాను.

అది రొట్టె దాకా బానే చదివింది. పల్లీల దగ్గర ఆగింది. మొక్కజొన్న పొత్తు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంది. టీ దగ్గరికొచ్చేసరికి ఉత్తరం మడిచి నావైపు చూసింది.

ఒరేయ్ మొనగాడా! నేను పంపింది మైనం సెట్టురా!

ఎవరైనా మొదట పళ్ళని గులాబీరంగు మైనంలో గుచ్చి పంపుతారు. అద్దం ముందు పెట్టుకుని, నోరు సరిగ్గా మూసుకుంటోందా, వంకరేమైనా ఉందా అని చూసుకుని తిప్పి పంపాలి. అప్పుడు మైనం తీసేసి గట్టిదాంతో పోస్తాం. అది తినడానికి కాదు. వేడి నీళ్ళు తగిలితే చాలు, మెత్తబడిపోతుంది. మైనం పళ్ళతో మొక్కజొన్న పొత్తు కొరికినవాడు లోకంలో నువ్వొక్కడివే అయ్యుంటావు. అబద్ధానికి కూడా కాస్త నోరుండాలిరా.

"మావయ్య ఎందుకు తిన్నాడు నాన్నా? ఏ డబ్బాలో పంపావు?" అంది అమ్మాయి. పసుపు డబ్బాలోనే అన్నాను. ఒట్టు పెట్టమంటే పెట్టాను. అది నమ్మలేదు. నమ్మనట్టు కనబడకుండా ఉండటానికి ప్రయత్నించింది. అదే నాకు ఎక్కువ మండింది.

నాకు బాగా గుర్తు. బల్ల మీద రెండు డబ్బాలూ పక్కపక్కనే పెట్టుకుని, తేరిపార చూసి, పసుపుదే తీశాను. నా మతికేం కాలేదు. పసుపు డబ్బా చూసి కూడా తిన్నావంటే నీదే తప్పు, బల్ల నాకు ఉంటుంది. తెల్లదైతే తప్పు నాది, రేపే తాళాలిచ్చేస్తాను.

అసలేం జరిగింది? ఏ రంగు డబ్బా అందింది? రెండే ప్రశ్నలు. ఆ సెట్టు ఏ స్థితిలో ఉన్నా, వచ్చిన డబ్బాలోనే పెట్టి తిప్పి పంపు.

బావ


మే 8

బావగారికి,

ఈసారి సాష్టాంగం నిజంగానే పడుతున్నాను. మళ్ళీ లేవడానికి ఎవరో ఒకరు రావాలి.

మొదటి ప్రశ్నకి జవాబు. మొక్కజొన్న అబద్ధం. పల్లీలు అబద్ధం. రొట్టె మాత్రం నిజం, కానీ నేను రొట్టెని కొరకలేదు, రొట్టే నన్ను కొరికింది. ముందు పన్ను అందులో ఉండిపోయింది. తీసి మళ్ళీ గుచ్చితే కూర్చుంది. కొత్తలో ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. బావగారూ, డెబ్భై ఏళ్ళొచ్చాక ఏది చెడినా తప్పు మనదేనేమో అనుకోవడం అలవాటైపోయింది. చెప్పు కరిస్తే మన పాదమే లావైందనుకుంటాం. పేపర్లో అక్షరాలు కనిపించకపోతే మన కళ్ళే అనుకుంటాం. అలాగే నా నోరే మీ పళ్ళకి తగినది కాదనుకున్నాను.

ఎన్నిక రోజు. మైకాసురుడు సంఘం పుట్టుపూర్వోత్తరాల దగ్గర్నుంచి అందుకున్నాడు. వాడు ముగించేలోపు మాకు రెండుసార్లు టీ ఇచ్చారు. పొగలు కక్కే టీ. నా పేరు పిలిచి నేను లేచేసరికి పైవరుస మొత్తం లోపలికి వాలిపోయింది. నోరు తెరిస్తే ఏముంది, పళ్ళు బల్ల మీద పడతాయి. అందుకని పెదాలు బిగబట్టుకుని, అందరివైపూ ఒకసారి చూసి, రెండు చేతులూ జోడించి కూర్చున్నాను.

హాలంతా ఒకటే చప్పట్లు. "ఇంత తక్కువ మాట్లాడే మనిషి మన సంఘంలో ఉన్నాడని తెలీదు" అన్నారుట. మైకాసురుడికి వాడి ఓటు, వాడి తమ్ముడి ఓటు వచ్చాయి. ఆ రోజు నుంచి నేను సంఘంలో నోరు తెరవలేదు. నా గౌరవం రోజురోజుకీ పెరుగుతోంది. చాలా లోతైన మనిషి అంటున్నారు.

మీకు అబద్ధం ఎందుకు రాశానంటే, నిజం రాస్తే మిమ్మల్ని బల్ల దగ్గర్నుంచి లేపేస్తారని. అంతే.

రెండో ప్రశ్నకి జవాబు. డబ్బా పసుపుదే. మీరు పంపింది పసుపు డబ్బాలోనే. నేను ఉత్తరం సరిగ్గా చదవకుండా తిన్నాను. తప్పు పూర్తిగా నాది. మా మేనకోడలికి ఇదే చూపించండి. రుజువుగా ఆ పసుపు డబ్బాని, అందులో మిగిలిన పళ్ళని పంపుతున్నాను.

మీ బావమరిది


మే 18

బావమరిదీ,

నీ ఉత్తరం అమ్మాయికి చూపించాను. పార్శిల్ ఇంకా విప్పకముందే "చూశావా, పసుపు డబ్బా! నా మతి గురించి ఇంకోసారి మాట్లాడితే ఊరుకోను" అని వర్క్‌షాపంతా వినబడేలా అన్నాను. అది తలొంచుకుని "సరే నాన్నా, బల్ల నీదే" అంది. మీ అక్క కూడా ఏమీ అనలేదు. మీ అక్క ఏమీ అనకపోవడం ఈ ఇంట్లో చరిత్ర.

తర్వాత పార్శిల్ విప్పాను. డబ్బా తీసి వెలుతురులో పెట్టి చూశాను. పసుపు. అమ్మాయి చేతికిచ్చాను. అది డబ్బా పట్టుకుని, వేళ్ళు చూసుకుని, మూత తీసి లోపల చూసింది.

"నాన్నా, మూత పైన ఏ రంగు?" అంది.

"పసుపు" అన్నాను.

"లోపల?"

"పసుపు. ఏం, నీకు కనబడట్లేదా?"

"నీ వేళ్ళు చూసుకో" అంది. వేళ్ళు జిగటగా ఉన్నాయి. వాసన చూస్తే రంగు వాసన. గేట్లకి వేసే రంగు.

అది అప్పుడు అలమారాలోంచి కొత్త తెల్ల డబ్బా ఒకటి, కొత్త పసుపు డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఏది ఏదో చెప్పమంది. ఒరేయ్, నాకు భయమేసింది. నలభై ఏళ్ళు పళ్ళ రంగులు చూసి బతికినవాణ్ణి. అరవై ఏళ్ళవాడి పంటికీ అరవై రెండేళ్ళవాడి పంటికీ తేడా చెప్పినవాణ్ణి. ఆ రెండు డబ్బాలూ నాకు ఒకేలా కనిపించాయి. ఊహించి ఒకటి చూపించాను. తప్పు చూపించాను.

అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నా మతిని నిలబెట్టుకోడానికి దాంతో ఇన్నాళ్ళు పోట్లాడాను. అది నా మతి పోతోందని లోపల్లోపల ఏడ్చింది. ఇద్దరం కళ్ళ సంగతే ఆలోచించలేదు.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలు. ముదిరిపోయాయట. రెండుమూడేళ్ళుగా నాకు లోకమంతా పసుపుగానే కనబడుతోందట. నాకేం తెలుసు? రోజుకింత పసుపెక్కితే ఎవడికి తెలుస్తుంది? కనబడ్డవాడల్లా "మీకేంటండీ, రాయిలా ఉన్నారు" అన్నాడే గానీ, మీ కళ్ళు తెల్లబడుతున్నాయి అన్నవాడు ఒక్కడూ లేడు. ముసలాళ్ళకి లోకం అన్నిట్లోనూ రాయితీ ఇస్తుంది, నిజంలో కూడా.

వచ్చే వారం కుడి కంటికి ఆపరేషన్.

నీ సంగతి తర్వాత తేలుస్తాను. ఇంతకీ తెల్ల డబ్బాకి రంగెందుకు వేశావురా గాడిదా? వేసినవాడివి లోపల కూడా వెయ్యొద్దూ?

బావ


మే 27

బావగారూ,

ఆపరేషన్ సంగతి విని నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. బాగా జరిగిందని అక్కయ్య మా ఆవిడకి ఫోన్లో చెప్పాక కుదుటపడ్డాను.

రంగు సంగతి. మా గేటుకి వేసిన డబ్బాలో అడుగున కాస్త మిగిలింది. వెనక వసారాలో కూర్చుని వేశాను. మా ఆవిడ వచ్చి "ఏం చేస్తున్నావు?" అంది. "బావగారి పరువు కాపాడుతున్నాను" అన్నాను. "ముందు నేల తుడువు" అంది.

లోపల వెయ్యాలని తోచలేదు. మా ఆఫీసులో కూడా ముప్పై ఏళ్ళూ బయటే వేసేవాళ్ళం, లోపల ఎవరు చూస్తారు?

రెండు అబద్ధాలాడాను. రెండోదాని వల్ల మీకు మేలు జరిగిందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం అది మొహం చెల్లనట్టే ఉంది. మీరు కొట్టినా పడతాను. కంట్లో చుక్కలు మాత్రం వేళకి వేయించుకోండి.

బావమరిది


జులై 2

ఒరేయ్,

రెండో కంటికి కూడా అయిపోయింది. ఈ ఉత్తరం నా చేత్తో, నా కళ్ళతో రాస్తున్నాను.

కట్టు విప్పాక మొదట కనిపించింది మీ అక్క. ఇంత ముసలిదెప్పుడైంది ఈవిడ అనుకున్నాను. అనుకుని ఊరుకోవాల్సింది, పైకే అనేశాను. ఆవిడ గోడకున్న అద్దం తీసి నా చేతికిచ్చింది. చూసి నోరు మూసుకున్నాను. హాలు గోడలు మీగడ రంగనుకుంటూ వచ్చాను, తెల్ల సున్నమట. కొత్తకళ్ళొచ్చినవాడు వారం రోజులు ఎవరి మొహమూ చూడకుండా చెట్టూ చేమా చూసుకోవడం మంచిది.

తర్వాత వర్క్‌షాపుకి వెళ్ళాను. రెండేళ్ళుగా నేను చేసిన సెట్ల నమూనాలు బీరువాలో ఉన్నాయి. తీసి చూశాను. ఒక పెద్దమనిషి నోట్లో నాలుగు రంగులు పెట్టాను. పాపం, ఆయన దండం పెట్టి, పళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పక్క అరలో మా అమ్మాయివి ఉన్నాయి. అవి తీసి అంచులు వేలితో తడిమి చూశాను. బావున్నాయిరా. నా కళ్ళు బావున్న రోజుల్లో కూడా నేనంత నున్నగా చెయ్యలేదు. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అయినా పందెం పందెమే. కళ్ళు లేనప్పుడు ఓడిపోయాను కాబట్టి కళ్ళొచ్చాక మళ్ళీ ఆడతానన్నాను. అమ్మాయి వద్దంది. "బల్ల నీదే ఉంచుకో నాన్నా" అంది. రాయితీ! నాకొద్దన్నాను.

కాబట్టి ఇందులో రెండు సెట్లున్నాయి. ఒకటి నాది, ఒకటి దానిది. రెండూ గట్టివే, మైనం కాదు. రెండూ తెల్ల డబ్బాలే, ఈసారి నేనే చూశాను. మూతల మీద ఒకటి, రెండు అని ఉంది. ఏది ఎవరిదో నీకు చెప్పను. వారం ఇది, వారం అది పెట్టుకో. ఏది గుచ్చుకుంటే, అది చేసినవాళ్ళు పక్కకి జరగాలి. ఎవరికి ముఖప్రీతి చెయ్యాలో నీకు తెలియదు కాబట్టి చచ్చినట్టు నిజమే రాస్తావు.

నేనే గెలవాలని ఉంది. దాచను. ఆ బల్ల లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో నాకు తెలీదు. కానీ జనం నోళ్ళు పుండ్లు చేసి దాని దగ్గర కూర్చోలేను.

బావ


జులై 25

బావగారికి,

ఉత్తరం ఆలస్యమైంది. సంఘం పని అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం, కొట్టేశాను.

ఏది ఎవరిదో నాకు తెలియదన్నారు. మీరు పొరబడ్డారు. ఒకటో నంబరు పెట్టుకుని అద్దంలో చూసుకోగానే తెలిసిపోయింది. ముందు పన్ను పక్కదాని మీదకి ఎక్కి ఉంది. దాన్ని మా మేనకోడలు ఎప్పుడూ చూడలేదు. అది పుట్టకముందే సైకిలు మీంచి పడ్డాను. ఆ పన్ను తెలిసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురే: మీరు, అక్కయ్య, మా ఆవిడ. మా ఆవిడ నన్ను చూసి చేతిలో గిన్నె కింద పెట్టి "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?" అంది. నేను నోరు తెరిచి నవ్వాను. చాలా ఏళ్ళైంది అలా నవ్వి. నవ్వుతూనే ఏడ్చాను కూడా, అది కూడా రాయాలి కదా.

అందుకే ఉత్తరం రాయలేకపోయాను. ఏది ఎవరిదో తెలిశాక నాకు పాత చెయ్యి దురదపెట్టింది. "రెండూ సంతృప్తికరంగా ఉన్నవి" అని రాసి చింపేశాను. అలా మూడు కాగితాలు పోయాయి.

బావగారూ, నా జీవితంలో వేలాది ఫిర్యాదులకి జవాబు రాశాను. నేనుగా ఒక ఫిర్యాదు ఎప్పుడూ రాయలేదు. ఇదే మొదటిది:

ఒకటో నంబరు సెట్టు గుచ్చుకుంటోంది. కింద, కుడివైపు, చివరి దవడపన్ను దగ్గర. రెండు రోజులకే పుండు పడింది. రెండో నంబరు గుచ్చుకోవడం లేదు. దాంతో మొక్కజొన్న పొత్తు తిన్నాను. ఈసారి నిజంగా.

బల్ల మా మేనకోడలిది.

నేను తినడానికి దాని సెట్టు పెట్టుకుంటున్నాను. నవ్వడానికి మీది. రెండూ కావాలి, ఏదీ తిప్పి పంపను. కానీ ఆ గుచ్చుకునే చోటు కాస్త అరగదియ్యాలి. ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వను. శనివారం బండికి వస్తున్నాను. పొద్దున్నే వర్క్‌షాపులో ఉండండి. బల్ల దగ్గర కాకపోతే పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి.

మీ బావమరిది